పరీక్ష తర్వాత ఫోన్ ఎవరు చేస్తారు? జెనెటిక్స్‌లో నా పీజీ చదువు

ప్రజారోగ్యంలో పనిచేసేవాళ్లకి జెనెటిక్స్‌లో పీజీ దేనికి అని నన్ను అడిగినవాళ్లలో ఎక్కువమంది నా తోటి ప్రజారోగ్యం వాళ్లే. వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. టీకాలు, మంచినీళ్లు, పొగాకు, ఉప్పు మీద పనిచేస్తే లక్షల మందికి మేలు జరుగుతుంది. ఒక్కొక్కరి డీఎన్‌ఏ చదువుతూ కూర్చుంటే ఎవరికి మేలు? అప్పట్లో నా దగ్గరా గట్టి జవాబేమీ లేదు. ఉన్నదల్లా కొంచెం చిరాకు. స్క్రీనింగ్ కార్యక్రమాల ఫైళ్లు చూసే పనిలో ఉండగా జన్యు పరీక్షల ప్రతిపాదనలు ఒకటొకటిగా రావడం మొదలైంది. ప్రతిదాని మీదా "99.9 శాతం కచ్చితత్వం" అని రాసి ఉండేది. మీటింగులో అందరూ తలలూపేవారు. ఆ 99.9 దేనిలో అని అడిగేవాళ్లు లేరు. అడిగితే వచ్చే జవాబు అర్థం కాదేమోనని మొహమాటం. ఆ జవాబేదో అర్థం చేసుకుందామనే చదువుకి వెళ్లాను.

అడ్మిషన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మార్కుల పత్రాలు, సిఫారసు లేఖలు, ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం, అన్నీ మామూలే. అయితే దరఖాస్తు పెట్టేముందు ఒక తేడా తెలుసుకుని ఉండాలి. పేర్లు వింటే అన్నీ ఒకేలా ఉంటాయి గానీ, పబ్లిక్ హెల్త్ జెనెటిక్స్‌లో మాస్టర్స్ చేసినంత మాత్రాన మీరు జెనెటిక్ కౌన్సెలర్ (జన్యు పరీక్షల ఫలితాలను రోగులకీ కుటుంబాలకీ వివరించే నిపుణులు) అయిపోరు. కౌన్సెలింగ్ కోర్సు వేరు, దాని క్లినిక్ గంటలు వేరు, సర్టిఫికేషన్ పరీక్ష వేరు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో రెండూ కలిపి చదివే వీలుంది. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు చిన్న సర్టిఫికెట్ కోర్సులూ ఉన్నాయి. నేను మాస్టర్స్ తీసుకున్నాను. జన్యుశాస్త్రం, ఎపిడెమియాలజీ (జనాభాలో జబ్బుల తీరును చదివే శాస్త్రం), స్టాటిస్టిక్స్, చట్టం, నైతికత అన్నీ అందులో ఉన్నాయి. చూడగానే భయమేసే సిలబస్.

క్లాసులో డాక్టర్లు, నర్సులు, బయాలజీ నుంచి నేరుగా వచ్చిన కుర్రవాళ్లు, ఒకరిద్దరు లా చదివినవాళ్లు, నాలాంటి ప్రోగ్రామ్ మనుషులు ఉండేవారు. మొదటి వారాల్లో బయాలజీ వాళ్లదే రాజ్యం. స్ప్లైసింగ్, మిథైలేషన్, ఫ్రేమ్‌షిఫ్ట్ అంటూ వాళ్లు గడగడా మాట్లాడుతుంటే మేం నోట్సు రాసుకుంటూ ఉండేవాళ్లం. హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం రాగానే పరిస్థితి తిరగబడింది. 1908లో ఇంగ్లండ్‌లో ఒక గణిత శాస్త్రవేత్త, జర్మనీలో ఒక వైద్యుడు ఎవరికి వారు కనిపెట్టిన చిన్న లెక్క అది, ఒక జన్యు రూపం ఎంత తరచుగా ఉంటే ఎంతమందిలో దాని కాపీ ఒకటి, ఎంతమందిలో రెండు ఉంటాయో చెబుతుంది. నిష్పత్తులతో రోజూ కుస్తీ పట్టేవాళ్లకి అది సొంత ఇల్లు.

ఆ లెక్క చూసేదాకా నాకు క్యారియర్ల సంగతి నిజంగా ఒంటబట్టలేదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒక జన్యువు తాలూకు మార్పు చెందిన కాపీ చెరొకటి వస్తేనే కనిపించే జబ్బు ఒకటి, పదివేల మందిలో ఒకరికి ఉందనుకుందాం. జబ్బుకి రెండు కాపీలు కలవాలి, వందో వంతుని వందో వంతుతో గుణిస్తే పదివేలలో ఒకటి. కాబట్టి ఆ కాపీ తరచుదనం వందకి ఒకటి. అప్పుడు ఒక్క కాపీ మాత్రమే ఉండి, ఏ జబ్బూ లేకుండా తిరిగే క్యారియర్లు ఎంతమంది? దాదాపు యాభై మందిలో ఒకరు. ఆ జనాభాలో ఉన్న మార్పు చెందిన కాపీలన్నీ లెక్కేస్తే, నూటికి తొంభై తొమ్మిది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే ఉంటాయి.

మా ప్రొఫెసర్ అక్కడితో ఆపలేదు. "సరే, జబ్బున్నవాళ్లెవరూ పిల్లల్ని కనకూడదని ఒక దుర్మార్గపు ప్రభుత్వం చట్టం చేసిందనుకోండి. ఆ కాపీ తరచుదనం సగానికి తగ్గడానికి ఎన్ని తరాలు పడుతుందో చెప్పండి" అన్నారావిడ. ఐదో పదో అవుతుందని చాలామంది అనుకున్నారు. బోర్డు మీద వేసి చూస్తే వంద తరాలు. తరానికి పాతికేళ్లు వేసుకున్నా రెండున్నర వేల సంవత్సరాలు. ఆ తర్వాత ఆవిడ 1927లో అమెరికా సుప్రీంకోర్టు బలవంతపు స్టెరిలైజేషన్‌ను సమర్థిస్తూ ఇచ్చిన తీర్పు గురించి, 1933లో నాజీ జర్మనీ చేసిన చట్టం గురించి చెప్పారు. ఆ చట్టాలు క్రూరమైనవని ముందే తెలుసు. వాళ్లు చెప్పుకున్న లెక్క ప్రకారం చూసినా అవి పనికిమాలినవని అప్పుడు అర్థమైంది. ఆ చట్టాలకి వంత పాడినవాళ్లలో ప్రజారోగ్యం పేరు చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ చదువులో చరిత్ర పాఠాన్ని ఎలక్టివ్‌గా పెట్టే కోర్సులంటే నాకు నమ్మకం లేదు.

స్టాటిస్టికల్ జెనెటిక్స్‌లో నాకు మార్కులకన్నా టెన్షనే ఎక్కువ వచ్చింది. నల్లటి స్క్రీన్ మీద కమాండ్లు కొట్టడం, లక్షల వేరియంట్ల (మనిషికీ మనిషికీ మధ్య ఉండే డీఎన్‌ఏ తేడాల) ఫైలు సగంలో ఆగిపోవడం, మళ్లీ మొదలుపెట్టడం. అయినా అందులోంచి రెండు సంగతులు ఇప్పటికీ పనికొస్తున్నాయి. డీఎన్‌ఏ మొత్తాన్ని వెతికే అధ్యయనాల్లో పి-విలువ (నిజంగా లంకె లేకున్నా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) 0.05 కంటే తక్కువ వస్తే చాలదు, 5×10⁻⁸ కంటే తక్కువ రావాలి. ఒకేసారి పది లక్షల ప్రశ్నలు అడిగినప్పుడు ఉత్త అదృష్టం కొద్దీ వేల జవాబులు "అవును" అని వస్తాయి మరి. ఈ జాగ్రత్త లేని రోజుల్లో ఫలానా జన్యువుకీ ఫలానా జబ్బుకీ లంకె దొరికిందంటూ వచ్చిన పేపర్లలో చాలావాటిని మరెవరూ తిరిగి నిరూపించలేకపోయారు.

రెండోది చాప్‌స్టిక్స్ కథ. ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఉదాహరణే. ఒక ఊళ్లో చాప్‌స్టిక్స్ వాడేవాళ్లనీ వాడనివాళ్లనీ పోల్చి, వాడేవాళ్లలో ఒక జన్యు రూపం ఎక్కువగా ఉందని కనిపెట్టి, అదే చాప్‌స్టిక్స్ జన్యువు అని ప్రకటిస్తారు. నిజానికి ఆ రూపం తూర్పు ఆసియా మూలాలున్నవాళ్లలో మామూలుగానే ఎక్కువ, అంతే. ఎపిడెమియాలజీ చదివినవాళ్లకి ఇది పాత కన్‌ఫౌండింగే (మూడో కారణమేదో లేని లంకెను ఉన్నట్టు చూపించడం), కొత్త చొక్కా వేసుకుంది. పూర్వీకుల మూలాలను లెక్కలోకి తీసుకోకపోతే జరిగేది ఇదే. దీనికి ఇంకో కొస ఉంది. ఇప్పటిదాకా జరిగిన పెద్ద అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లు అత్యధికంగా యూరప్ మూలాలవాళ్లు. ఆ డేటాతో కట్టిన రిస్క్ స్కోర్లు (చాలా వేరియంట్ల ప్రభావాన్ని కూడి జబ్బు ముప్పును చెప్పే పాలీజెనిక్ స్కోర్లు) మిగతా జనాభాల్లో అంత బాగా పనిచేయవు. ఎవరైనా పాలీజెనిక్ స్కోర్ అమ్మడానికి వస్తే నేను ముందుగా అడిగేది అదే, ఇది ఎవరి డేటాతో కట్టారు అని.

నన్ను మార్చింది మాత్రం క్లాసులు కాదు, ప్రాక్టికమ్, అంటే కోర్సులో భాగంగా బయట చేసే పని శిక్షణ. నవజాత శిశువుల స్క్రీనింగ్ కార్యక్రమంలో చేశాను.

ఈ స్క్రీనింగ్ మొదలైంది 1960ల తొలినాళ్లలో. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బుంది. ఫినైలలనైన్ అనే అమైనో ఆమ్లాన్ని శరీరం విరగ్గొట్టలేదు, అది పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. పుట్టిన కొద్దిరోజుల్లోనే కనిపెట్టి ఆహారం మారిస్తే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. రాబర్ట్ గత్రీ అనే అమెరికన్ శాస్త్రవేత్త మడమ నుంచి తీసిన కొన్ని రక్తపు చుక్కలను ఫిల్టర్ కాగితం మీద ఆరబెట్టి, బ్యాక్టీరియా పెరుగుదలతో ఆ జబ్బును పట్టే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ అదే కాగితం మీది చుక్కను టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి డజన్లకొద్దీ జబ్బులు చూస్తున్నారు. యంత్రం మారింది గానీ కాగితం మారలేదు. గమనించాల్సిందేమిటంటే, ఇది జన్యు జబ్బుల స్క్రీనింగే అయినా మొదటి అంచెలో ఎక్కువగా చూసేది డీఎన్‌ఏని కాదు, రక్తంలోని రసాయనాలను.

ల్యాబ్‌లో యంత్రాల దగ్గర కూర్చోబెడతారనుకున్నాను. ఫాలో-అప్ డెస్క్‌లో కూర్చోబెట్టారు. మొదట నిరుత్సాహపడ్డాను గానీ, అసలు కార్యక్రమమంతా అక్కడే నడుస్తోందని కొద్దిరోజులకే తెలిసింది. కార్డు ల్యాబ్‌కి చేరేలోపే ఎన్ని రకాలుగా పాడవుతుందో చూశాను. చుక్క మీద చుక్క వేసేస్తారు. ఆరకముందే కవర్లో పెట్టేస్తారు. పుట్టిన 24 గంటలలోపే రక్తం తీసేస్తారు. పుట్టగానే థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్ టీఎస్‌హెచ్ ఒక్కసారిగా పెరిగి తగ్గుతుంది కాబట్టి, తొందరపడితే థైరాయిడ్ లోపం లేని బిడ్డకి కూడా ఉన్నట్టు వస్తుంది. నెలలు నిండకుండా పుట్టి, సెలైన్ ద్వారా పోషకాలు తీసుకుంటున్న బిడ్డల్లో అమైనో ఆమ్లాల విలువలు గందరగోళంగా ఉంటాయి. ముందే రక్తం ఎక్కించి ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చూపించేది దాత రక్తాన్ని. వీటిలో ఒక్కటి కూడా పరీక్ష తప్పు కాదు. కానీ "99.9" అని రాసిన కాగితంలో వీటి ఊసే ఉండదు.

ఆ 99.9 లెక్క కూడా అక్కడే నాకు మనుషుల రూపంలో కనబడింది. లక్ష మంది బిడ్డలకు పరీక్ష చేశామనుకోండి. జబ్బు పదివేలకి ఒకరికి ఉంటే నిజంగా జబ్బున్న బిడ్డలు పదిమంది. పరీక్ష స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లకి లేదనే చెప్పే శాతం) 99.9 శాతమైతే, ఏ జబ్బూ లేకుండా పాజిటివ్ వచ్చే బిడ్డలు వందమంది దాకా ఉంటారు. అంటే పాజిటివ్ వచ్చిన పదకొండు మందిలో జబ్బున్నది ఒక్కరికి. మిగతా పది ఇళ్లకీ ఎవరో ఒకరు ఫోన్ చేయాలి, మళ్లీ పిలవాలి, మళ్లీ రక్తం తీయాలి, "ఏం లేదు" అని చెప్పాలి. ఆ పదకొండో ఇంటికి ఆలస్యం కాకూడదు. గెలాక్టోసీమియా లాంటి జబ్బుల్లో రోజుల తేడాతో బిడ్డ ప్రమాదంలో పడుతుంది.

ఫోన్ చేసే నర్సు పక్కన కూర్చుని వింటుండేదాన్ని. "స్క్రీనింగ్‌లో ఒక విలువ ఎక్కువగా కనిపించిందండీ. జబ్బు ఉందని దీని అర్థం కాదు. కానీ ఖాయం చేసుకోవాలి, ఇవాళే తీసుకురావాలి" అనేవారావిడ. అవతలి నుంచి దాదాపు ఎప్పుడూ ఒకే ప్రశ్న: "పాప పాలు బాగానే తాగుతోంది కదండీ, జబ్బు లేదంటూనే ఇవాళే రమ్మంటారేమిటి?" కంగారు పుట్టించకూడదు, తేలిగ్గా తీసుకోనివ్వకూడదు. ఆ రెండింటి మధ్య గొంతు ఎక్కడ నిలపాలో ఏ పుస్తకంలోనూ లేదు. "బాగానే ఉన్నప్పుడే కనిపెట్టడానికేనండీ ఈ పరీక్ష" అని ఆవిడ చెప్పే తీరుని నేను తర్వాత చాలాసార్లు అరువు తెచ్చుకున్నాను.

అక్కడే ఇంకో చిక్కు ఎదురైంది. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) కోసం చేసే పరీక్ష జబ్బున్న బిడ్డలనే కాదు, క్యారియర్లనూ చూపిస్తుంది. బిడ్డకి వైద్యం ఏమీ అక్కర్లేదు. కానీ తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు క్యారియర్ అయ్యుండాలని ఆ ఫలితం చెప్పేస్తోంది. ఇద్దరూ అయితే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. చెప్పాలా? ఎవరికి? వాళ్లు తమకి పరీక్ష చేయమని అడగనేలేదు. తీరా ఇద్దరికీ పరీక్ష చేస్తే ఇద్దరిలోనూ లేదని తేలితే? 1970ల్లో అమెరికాలో సికిల్ సెల్ స్క్రీనింగ్‌ను హడావిడిగా చట్టాలు చేసి మొదలుపెట్టినప్పుడు, క్యారియర్‌కీ రోగికీ తేడా చెప్పేవాళ్లు లేక, ఏ జబ్బూ లేని నల్లజాతివాళ్లు ఉద్యోగాల్లో, బీమాల్లో వివక్ష ఎదుర్కొన్నారు. అదే కాలంలో పసిపిల్లల నరాలను దెబ్బతీసే టే-శాక్స్ జబ్బుకి యూదు సమాజాల్లో జరిగిన క్యారియర్ పరీక్షలు బాగా నడిచాయి. అక్కడ ముందు సమాజంతో మాట్లాడారు, వాళ్లే నడిపారు, పరీక్ష ఆ తర్వాత వచ్చింది. రెండు చోట్లా శాస్త్రం దాదాపు ఒక్కటే.

కౌన్సెలింగ్ క్లినిక్‌లో కూర్చోవడం కోర్సులో తప్పనిసరి. మూడు తరాల వంశవృక్షం గీయడం అక్కడే నేర్చుకున్నాను. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి వృత్తం, రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత, ఎవరి వల్ల కుటుంబం క్లినిక్‌కి వచ్చిందో వాళ్లకి బాణం గుర్తు. ఒకావిడకి బీఆర్‌సీఏ1లో (రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పుతో ముడిపడిన జన్యువు) హాని కలిగించే వేరియంట్ ఉందని తేలింది. ఆవిడ తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ అది ఉండే అవకాశం సగం. ఒక చెల్లెలితో మాటల్లేవు. "దానికి నేనెందుకు చెప్పాలి?" అన్నారు.

నా బుర్ర వెంటనే కాంటాక్ట్ ట్రేసింగ్ వైపు పరుగెత్తింది. క్షయ వచ్చిన మనిషి ఇంట్లోవాళ్లందరినీ వెతికి పట్టుకోవడం మా పని, దానికి చట్టం కూడా మా వెనక ఉంటుంది. ఇక్కడ కౌన్సెలర్ చేయగలిగిందల్లా ఆవిడ చేతికి బంధువుల కోసం ఒక లేఖ ఇవ్వడం, ఆవిడ భయం ఏమిటో వినడం, మళ్లీ రమ్మనడం. మనిషి మనసు మారేదాకా ఆ చెల్లెలు మనకి చతురస్రాల పక్కన ఒక వృత్తం మాత్రమే. జనాభాను, వ్యక్తిని చూసే అలవాటు నాకు ఉంది. కుటుంబం అనే మూడో లెక్క ఒకటుందని, అందులో ఒకరి రక్తం ఇంకొకరి రహస్యమని అక్కడ కూర్చుంటేనే తెలిసింది.

వీటి మధ్యలో విధానాల క్లాసు చప్పగా ఉంటుందనుకున్నాను గానీ, అన్నిటినీ కలిపి కట్టింది అదే. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ ఏ జబ్బుకి స్క్రీనింగ్ పెట్టాలో తేల్చడానికి రాసిన పది సూత్రాలను కంఠతా పట్టాం. జన్యు పరీక్షలకైతే ఏసీసీఈ అనే చట్రం ఉంది. ల్యాబ్‌లో సరిగ్గా కొలుస్తోందా, ఆ కొలత జబ్బును నిజంగా సూచిస్తోందా, ఫలితం తెలిస్తే మనిషికి మేలు జరుగుతోందా, నైతిక, చట్టపరమైన చిక్కులేమిటి అనే నాలుగు ప్రశ్నలు. నా టేబుల్ మీదకి వచ్చిన ప్రతిపాదనలు మొదటి ప్రశ్నకి ఘనంగా జవాబిచ్చి, మూడో ప్రశ్న దగ్గర గొంతు సవరించుకునేవి. మూడోదాన్ని దాటే పరీక్షలు లేకపోలేదు. హెచ్‌ఐవీకి అబకవిర్ అనే మందు ఇచ్చేముందు హెచ్‌ఎల్‌ఏ-బీ*57:01 ఉందా అని చూస్తారు. ఉంటే ఆ మందు ఇవ్వరు, ప్రాణాపాయం తెచ్చే అలర్జీ తప్పుతుంది. ఫలితం చూడగానే ఏం చేయాలో తెలిసిపోతుంది.

థీసిస్‌కి ఫెమిలియల్ హైపర్‌కొలెస్టెరోలీమియా తీసుకున్నాను. దాదాపు 250 మందిలో ఒకరికి ఉంటుంది. పుట్టుకతోనే చెడు కొలెస్టరాల్ ఎక్కువ, చిన్న వయసులో గుండెపోట్లు, మందేమో కొలెస్టరాల్ తగ్గించే చవకైన స్టాటిన్. ఒకరికి ఉంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం. అంటే ఒక రోగి దొరికితే కుటుంబం వెంట నడుస్తూ వెళ్లడమే స్క్రీనింగ్. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్లు ఆధారం గట్టిగా ఉందని చెప్పిన మూడు జన్యు స్థితుల్లో ఇదొకటి. మిగతా రెండు, వంశపారంపర్య రొమ్ము-అండాశయ క్యాన్సర్, లించ్ సిండ్రోమ్ (పెద్దపేగు క్యాన్సర్ ముప్పును పెంచేది).

ఒక మోడల్ కట్టి, ఒక్కో అంకెనీ మార్చి చూశాను. పరీక్ష ధర మార్చినా, ల్యాబ్ సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టుకునే శాతం) మార్చినా ఫలితం కొంచెమే కదిలింది. కబురందుకున్న బంధువుల్లో ఎంతమంది వస్తారు అనే అంకెని కదిపితే మాత్రం మోడల్ మొత్తం ఊగిపోయింది. నెదర్లాండ్స్‌లో 1994 నుంచి 2013 దాకా నడిచిన కార్యక్రమంలో, రోగి సమ్మతి తీసుకుని, బంధువులను సిబ్బందే నేరుగా సంప్రదించేవారు. రోగి చేతికి లేఖ ఇచ్చి పంపేయడానికీ దీనికీ ఎంత తేడానో నా పట్టికల్లో కనిపించింది. వైవాలో ఒక ఎగ్జామినర్ నా గ్రాఫులన్నీ తిరగేసి, "ఇంతకీ మీ కార్యక్రమంలో ఫోన్ చేసేది ఎవరు? ఆ ఉద్యోగం బడ్జెట్‌లో ఏ లైన్‌లో ఉంది?" అని అడిగారు. ఫాలో-అప్ డెస్క్ పుణ్యమా అని ఆ లైన్ ముందే పెట్టి ఉంచాను. వేలు పెట్టి చూపించాను. డిగ్రీ మొత్తంలో నాకు నిజంగా సంతోషమేసిన క్షణం అదే అనుకుంటా.

మొదట చెప్పిన వాదనకి తిరిగొస్తే, దాని వెనక జెఫ్రీ రోజ్ అనే ఎపిడెమియాలజిస్టు 1985లో పెట్టిన తేడా ఉంది. ఈ మనిషికి ఈ జబ్బు ఎందుకొచ్చింది అనేది ఒక ప్రశ్న, ఈ జనాభాలో ఈ జబ్బు ఇంత ఎక్కువగా ఎందుకుంది అనేది వేరే ప్రశ్న అన్నాడాయన. రెండోదానికి చాలా జబ్బుల్లో జెనెటిక్స్ దగ్గర జవాబు లేదు. మధుమేహానికి రిస్క్ స్కోర్ల కంటే తిండి, నడక, పని పరిస్థితుల మీద ఖర్చు పెట్టడమే మేలని ఇంత చదివాక కూడా నా అభిప్రాయం. ఇంత చదివాక గట్టిగా చెప్పగలుగుతున్నాను, అంతే తేడా.

ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. "పబ్లిక్ హెల్త్ జెనెటిసిస్ట్" అని పోస్టు ఎక్కడా కనిపించకపోవచ్చు. నవజాత శిశువుల స్క్రీనింగ్, క్యాన్సర్ నియంత్రణ, అరుదైన వ్యాధుల రిజిస్ట్రీలు, పరిశోధన సంస్థలు, పాలసీ విభాగాలు, ఇలా వేరే పేర్ల కింద పని దొరుకుతుంది. నా కుర్చీ పేరైతే మారలేదు. ప్రతిపాదన వస్తే ఇప్పుడు ల్యాబ్ పేజీని ఆఖర్న చదువుతాను. ముందుగా చూసేది పాజిటివ్ వచ్చాక ఏం చేస్తారో రాసిన పేజీ. అది లేని ఫైలు అక్కడి నుంచే వెనక్కి వెళుతుంది. చేరదామనుకునేవాళ్లు కూడా సిలబస్‌లో సీక్వెన్సింగ్ క్లాసుల సంఖ్య చూసి మురిసిపోకండి. ప్రాక్టికమ్ ఎక్కడ పెడతారో, కౌన్సెలింగ్ గదిలో కూర్చోనిస్తారో లేదో అడగండి. స్టాటిస్టిక్స్ మర్చిపోయి ఉంటే చేరకముందే దులుపుకోండి. సెమిస్టర్ మొదలయ్యాక దానికి టైమ్ దొరకదు.